శాస్త్రంలో తొంభై నాలుగు

1965 మే నెలలో ఒక మధ్యాహ్నం, బాపట్ల చేనేత సొసైటీ డిపో ముందు పోస్టుమాన్ సైకిలు దిగి, "కోటిలింగం గారూ! మీ అమ్మాయికి రిజిస్టర్డ్ కవరండీ, సంతకం కావాలి" అని కేకేశాడు. కోటిలింగం అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళకు చీర మడత విప్పి అంచు చూపిస్తున్నాడు. ఆ చీరను భుజాన వేసుకునే లోపలికి పరిగెత్తాడు.

"పార్వతీ! వచ్చిందే! కవరొచ్చిందే!"

శివపార్వతి పిండి చేతులతోనే బయటికి వచ్చింది. పోస్టుమాన్ పుస్తకం మీద బియ్యప్పిండి వేలిముద్రలు పడ్డాయి. కవరు చించుదామంటే చేతుల నిండా పిండి. చివరికి తండ్రే గజం బద్ద అంచుతో చించి ఇచ్చాడు. లోపల దళసరి కాగితం, దాని మీద ఎర్ర ముద్ర. సంగీత శాస్త్ర పరీక్ష, ఉన్నత శ్రేణి. నూటికి తొంభై నాలుగు. కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: ఈ ఏడు పరీక్ష రాసిన వారందరిలో ప్రథమ స్థానం.

"అమ్మా! ఫస్టు! అందరికన్నా ఫస్టు!" అని ఆ పిల్ల గెంతిన గెంతుకి చెక్క బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. తల్లి ఈశ్వరమ్మ గరిటెతో వచ్చింది. చీరలు చూస్తున్న ఆడవాళ్ళిద్దరూ బేరం మరిచిపోయి లేచి నిలబడ్డారు.

"సంగీతంలోనా! అయితే ఒక పాట పాడమ్మా, విని పోతాం" అంది వాళ్ళలో పెద్దావిడ.

శివపార్వతి ముఖం కందిపోయింది. "పాట కాదండీ. ఇది శాస్త్రం. మేళకర్తలని మూల రాగాలు డెబ్భై రెండున్నాయి. మీరొక నంబరు చెప్పండి, ఆ డెబ్భై రెండు లోపల."

"ముప్పయ్యారు."

"చలనాట."

"యాభై మూడు!"

"గమనశ్రమ."

నంబరు చెబితే రాగం, రాగం చెబితే నంబరు. ఆడవాళ్ళిద్దరూ పోటీపడి అడిగారు. పోస్టుమాన్ కూడా వెళ్ళకుండా నిలబడి తన ఇంటి నంబరు అడిగి ఒక రాగం పేరు పట్టుకుపోయాడు.

నేను తర్వాత్తర్వాత రేపల్లెలో శివపార్వతితో కలిసి పనిచేశాను. ఆవిడ సంగీతం, నేను లెక్కలు. అక్షరానికొక అంకె చొప్పున, మేళకర్త రాగం పేరులో మొదటి రెండక్షరాలలోనే దాని నంబరు దాగి ఉంటుందని ఆవిడ చెప్పిన రోజు, నేను పరీక్ష పేపర్లు దిద్దడం ఆపేసి సాయంత్రం దాకా అవే లెక్కలు వేస్తూ కూర్చున్నాను. ఈ కథలో సగం ఆవిడ నాకు స్టాఫ్ రూములో చెప్పింది. మిగతా సగం నేను చూసింది.

కోటిలింగం వాళ్ళది పేరాల. తాతల నాటి నుంచి మగ్గం మీద బతికిన ఇల్లు. ఆయన కళ్ళు మందగించాక సొసైటీ వాళ్ళు బాపట్ల డిపోలో కూర్చోబెట్టారు. డిపో వెనకే కాపురం. ఎదురింట్లో రంగనాయకులు మాస్టారు ఉండేవారు. ఒకప్పుడు సంగీతం పాఠాలు చెప్పిన మనిషి. గొంతుకు ఆపరేషన్ జరిగాక మాట గుసగుసగా తప్ప వచ్చేది కాదు. పాట అసలే లేదు. శిష్యులందరూ మానేశారు. పదమూడేళ్ళ శివపార్వతి ఒక్కతే ఆయన అరుగు మీద పలక పట్టుకుని కూర్చుంది.

పాడి వినిపించలేని గురువు ఏం చెబుతాడు? తనకు తెలిసిన శాస్త్రమంతా చెప్పాడు. తాళాల లెక్కలు, రాగాల పుట్టుక, ఏ స్వరం పక్కన ఏ స్వరం నిలుస్తుంది, ఏది నిలవదు, అన్నీ పలక మీద రాసి చూపించాడు. ఆ పిల్లకు అదొక పిచ్చి పట్టింది. బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచీ ఇంట్లోకి విసిరేసి ఎదురింటికి పరుగు. పాడమంటే పాడేది, తప్పులుంటే ఆయన చేత్తో సైగ చేసేవాడు. కాని మాస్టారింట్లో తంబురా తీగలు ఎప్పుడో తెగిపోయాయి. ఆధార శ్రుతి అన్నది ఆ అరుగు మీద ఎవరికీ వినిపించలేదు.

పోస్టులో ఫీజు కట్టి శాస్త్ర పరీక్ష రాయించింది కూడా మాస్టారే. తొంభై నాలుగు చూసి ఆయన కళ్ళు తుడుచుకుని, ఆ పిల్ల చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు: "బెజవాడ సంగీత కళాశాలకు దరఖాస్తు పెట్టు. ఈ కాగితం చూశాక ఎవడూ కాదనలేడు."

ఆ మాట బాపట్ల బజారంతా తిరిగింది. దరఖాస్తు ఫారంలో 'సంగీతంలో ఉత్తీర్ణమైన పరీక్షలు' అన్న గడి ఒకటి ఉంది. శివపార్వతి అందులో గుండ్రటి అక్షరాలతో నింపింది. ఇక సీటు వచ్చేసినట్టే అనుకుని ఈశ్వరమ్మ ట్రంకు పెట్టె దించి తుడిచింది.

జూలైలో ఇంటర్వ్యూ. కోటిలింగం డిపో మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూతుర్ని వెంటబెట్టుకుని తెల్లవారు బండి ఎక్కాడు. దారి పొడుగునా శివపార్వతి తాళాల పేర్లు నెమరేసుకుంటూనే ఉంది. ఏం అడిగినా చెప్పెయ్యాలి, అంతే.

గదిలో తివాచీ మీద ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో దళసరి కళ్ళద్దాల పెద్దావిడ, ఒక పక్క వయొలిన్ పట్టుకున్న ఆయన, ఇంకో పక్క రాసుకునే ఆయన. మూలన ఒక విద్యార్థిని తంబురాతో కూర్చుంది. శివపార్వతి సర్టిఫికెట్ ముందు పెట్టింది. కళ్ళద్దాలావిడ దాన్ని చూసి తల పంకించి, పక్కన పెట్టి అడిగింది.

"ఏ శ్రుతమ్మా?"

శివపార్వతి ప్రాణం లేచి వచ్చింది. తెలిసిన ప్రశ్న! "శ్రుతులు ఇరవై రెండండి" అని మొదలుపెట్టి వరసగా పేర్లు అప్పజెప్పబోయింది.

వయొలిన్ ఆయన నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. కళ్ళద్దాలావిడ మాత్రం నవ్వలేదు. "అది కాదమ్మా. నువ్వు పాడే శ్రుతి. నీ గొంతు శ్రుతి ఎంత?"

ఆ పిల్లకు తెలియదు. తన గొంతుకు ఒక శ్రుతి ఉంటుందనీ, దాన్ని ముందుగా చెప్పాలనీ ఎవరూ చెప్పలేదు. వాళ్ళే ఒకటి అనుకుని తంబురా సవరించారు. శివపార్వతి మోహన రాగంలో వర్ణం ఎత్తుకుంది. తాళం తప్పలేదు, ఒక్క స్వరం మరిచిపోలేదు. కాని శ్రుతి ఒకచోట, పాట ఒకచోట. పై షడ్జం దగ్గర గొంతు చీలిపోయింది.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. సర్టిఫికెట్ తీసి తిరిగి చేతికిచ్చింది. "ఇది జాగ్రత్తగా దాచుకో. ఇంత చదివిన పిల్లని నేను చూడలేదు. లోపలికి వచ్చాక ఇది నీకు చాలా పనికొస్తుంది. కాని ఈ గుమ్మం దాటాలంటే మాత్రం గొంతు కావాలి, శ్రుతి కావాలి. ఎవరి దగ్గరైనా కూర్చుని ఒక ఏడాది పాడు. మళ్ళీ రా."

తిరుగు బండిలో కోటిలింగం కూతురి ముఖం చూడటానికి భయపడ్డాడు. ఆ పిల్ల ఏడవలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని, "నా శ్రుతి ఎంతో నాకే తెలియదంటే ఎంత సిగ్గు నాన్నా! తెలుసుకుంటాను" అంది. తెనాలి స్టేషన్ వచ్చింది. "మీ అత్తయ్యని చూసి ఏడాదైంది, దిగుదాం రా" అన్నాడు తండ్రి. కూతుర్ని ఆ మొహంతో తిన్నగా ఇంటికి తీసుకుపోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

అత్తయ్య లక్ష్మమ్మది కాలువ దగ్గర పెంకుటిల్లు. గోడ అవతల ఒక నాటకాల సమాజం వాళ్ళ రిహార్సల్ షెడ్డు. పొద్దున్నించీ హార్మోనియం మోతే. లక్ష్మమ్మ సంగతంతా విని, ముక్కు మీద వేలేసుకుని, గోడ మీదుగా కేకేసింది.

"ఏవయ్యా పూర్ణచంద్రరావూ! ఒకసారి ఇటు రా. మా అన్నయ్య కూతురికి గొంతు చూడాలట."

పూర్ణచంద్రరావుది అమృతలూరు. పొలం తమ్ముళ్ళకు వదిలేసి హార్మోనియం పట్టుకుని తెనాలి చేరిన రైతుబిడ్డ. నలభై ఏళ్ళుంటాయి. పద్యనాటకాలకు ఆయన పెట్టె లేకపోతే రంగం నడవదనేవారు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నమస్కారమండీ" అంది శివపార్వతి.

"అయిదున్నర" అన్నాడాయన.

"ఏంటండీ?"

"నీ శ్రుతమ్మాయ్. అయిదున్నర. 'నమస్కారం' అన్నావుగా, వినపడింది." ఆయన అది చాలా మామూలుగా, బియ్యం చూసి రకం చెప్పినట్టు చెప్పాడు.

శివపార్వతి ఆ మాటను పైకే రెండుసార్లు అనుకుంది. బెజవాడలో ఆ ఒక్క మాట తెలియకే తిరిగొచ్చింది! గోడ చుట్టూ తిరిగి షెడ్డులోకి వెళ్ళారు. ఆయన పెట్టె తెరిచి అయిదున్నర శ్రుతికి సరిపోయే నల్లమెట్టు నొక్కి పట్టుకున్నాడు. "ఊఁ. అను. స."

అంది. కుదరలేదు. మళ్ళీ అంది. ఆయన బొటనవేలు కిందికి దించి సైగ చేశాడు. ఇంకొంచెం దించింది. హార్మోనియం గొంతూ ఆ పిల్ల గొంతూ దగ్గర దగ్గరగా వచ్చి, రెంటి మధ్యా ఏదో గరగరలాడి, ఒక్కసారిగా ఆ గరగర మాయమైపోయింది. ఉన్నది ఒకటే నాదం. ఒళ్ళంతా జల్లుమంది.

"కలిసింది!" అని పాట ఆపేసి అరిచింది.

"కలిస్తే ఆపుతారా ఎవరైనా? అను, అను!" అన్నాడు పూర్ణచంద్రరావు.

ఆ సాయంత్రం కోటిలింగం ఒక్కడే బాపట్ల బండి ఎక్కాడు. కూతురు అత్తయ్య ఇంట్లో ఉండిపోయింది.

ఆ ఏడాది గురించి చెప్పేటప్పుడు శివపార్వతి కుర్చీలో కూర్చునేది కాదు. లేచి అటూ ఇటూ తిరుగుతూ చెప్పేది. నాటకాలు లేని రోజుల్లో పొద్దున్నే ఆరింటికల్లా షెడ్డుకి పోవడం, రెండు గంటలు ఒక్క షడ్జమం, మూడు స్వరాలు, అంతే. పలక తీస్తే పూర్ణచంద్రరావు లాగేసేవాడు. "పుస్తకం మూసెయ్యమ్మాయ్. అది నీకెలాగూ వచ్చు. చెవి తెరువు." ఆయన భార్య సుబ్బాయమ్మ వంటింట్లోంచే వినేది. శ్రుతి తప్పితే చాలు, "అమ్మాయ్, పప్పులో రాయి పడింది" అని కేకేసేది. ఆవిడకు సరిగమలు రావు. ఇరవై ఏళ్ళు ఆ పెట్టె పక్కన బతకడంతో వచ్చిన చెవి అది.

రెండు నెలలకు ఒక విచిత్రం బయటపడింది. పూర్ణచంద్రరావుకు రాగాల పేర్లు తెలియవు. ఏదో నాలుగైదు తెలుసు, మిగతావన్నీ ఆయనకు సందర్భాలే.

"ఇదేంటి బాబాయ్ గారూ, ఇప్పుడు వాయించింది?"

"ఇదా? రాజుకి కోపమొచ్చినప్పటిది."

"ఇది?"

"తల్లి కొడుకుని పంపించేటప్పటిది."

శివపార్వతి పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఒక్కొక్కటే విని పేరూ, మేళం నంబరూ, స్వరాలూ చెప్పింది. ఆయన హార్మోనియం మీద చేతులు అలాగే ఉంచి వింటూ ఉండిపోయాడు. "అంటే నేనిన్నాళ్ళుగా వాయిస్తున్నదానికి ఇంత పేరుందా? ఒసే సుబ్బాయమ్మా! ఇలారా! మన కోపానికి పేరుందట!"

ఆ రోజు నుంచి బేరం కుదిరింది. పొద్దున ఆమెకు పాట, సాయంత్రం ఆయనకు శాస్త్రం. నలభై ఏళ్ళ మనిషి నోటుపుస్తకం కొనుక్కుని, పేరు రాసుకుని, మఠం వేసుకుని కూర్చునేవాడు. నాటకం వాళ్ళు వచ్చి ఎగతాళి చేస్తే, "మీకేం తెలుసురా, నేను రాగాల పన్నెండు చక్రాల్లో ఏడో దాంట్లో ఉన్నాను" అనేవాడు.

డిసెంబరులో ఒకరోజు పాఠం గ్రహభేదం దాకా వచ్చింది. శివపార్వతి పరీక్షలో దాని మీద నాలుగు పేజీలు రాసింది. ఒక రాగంలో స్వరాలు మార్చకుండా, ఆధారంగా నిలబడే స్వరాన్ని మాత్రం మార్చితే ఇంకో రాగం పుడుతుంది. మోహనలో గాంధారాన్ని షడ్జమం అనుకుంటే హిందోళం. ఆమె అది పట్టిక గీసి చూపించింది. పూర్ణచంద్రరావు పట్టిక వైపు చూడలేదు. మోహన మెట్లు వాయిస్తూ, ఎడమ చేత్తో నొక్కి పట్టుకున్న షడ్జమం వదిలేసి గాంధారం నొక్కి పట్టుకున్నాడు.

రాగం మారిపోయింది. అవే అయిదు మెట్లు. అవే వేళ్ళు. కాని షెడ్డులో ఇప్పుడు మోగుతున్నది మోహన కాదు. ఎండ పొడ ఉన్నచోట నీడ వచ్చి కూర్చున్నట్టు హిందోళం వచ్చి కూర్చుంది.

"ఓరి నీ అమ్మ కడుపు చల్లగుండ! ఇదేంటమ్మాయ్! మెట్లు అవేగా!" అని ఆయన లేచి నిలబడ్డాడు.

శివపార్వతి ఆయన కన్నా ముందే లేచింది. నాలుగు పేజీలు రాసింది, మార్కులు తెచ్చుకుంది, ఇంతవరకూ ఒక్కసారి వినలేదు! "మళ్ళీ, బాబాయ్ గారూ! ఇప్పుడు రిషభం పట్టుకోండి. మధ్యమావతి రావాలి. వస్తుంది చూడండి!" వచ్చింది. పంచమం పట్టుకున్నారు, ఇంకోటి. ధైవతం పట్టుకున్నారు, మరోటి. శాస్త్రం చెప్పినవి చెప్పినట్టే ఒకటి తర్వాత ఒకటి వచ్చి ముందు నిలబడుతుంటే, ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు. సుబ్బాయమ్మ ఏం కొంప మునిగిందోనని పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు దీన్ని గొంతుతో చెయ్యగలవా?" అన్నాడు పూర్ణచంద్రరావు ఆయాసపడుతూ.

"ఎలాగండీ? గొంతు ఒకటేగా. ఆధారం మార్చుకోవాలంటే..."

"మనసులో మార్చుకో. పెట్టె నేను ఆపేస్తాను."

ఆ ఒక్క మాట మీద సాధనకే మూడు నెలలు పట్టింది.

1966 జూలైలో ఈసారి ముగ్గురు బయల్దేరారు: శివపార్వతి, కోటిలింగం, పూర్ణచంద్రరావు. అదే గది, అదే తివాచీ, అదే కళ్ళద్దాలావిడ.

"ఏ శ్రుతమ్మా?"

"అయిదున్నర అండి."

తంబురా సవరించారు. ఆమె కళ్ళు మూసుకుని, తీగ గొంతులో కలిసేదాకా ఆగి, వర్ణం ఎత్తుకుంది. నిరుడు చీలిన పై షడ్జం దగ్గర ఈసారి కావాలని నిలబడింది. తలుపు బయట పూర్ణచంద్రరావు వేళ్ళు కోటిలింగం భుజం మీద మెట్లు నొక్కుతున్నాయట. సాయంత్రం చూసుకుంటే భుజం కమిలిందని కోటిలింగం చెప్పుకుని నవ్వేవాడు.

పాట అయ్యాక ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుంది. "నిరుడు వచ్చావు కదూ? ఇరవై రెండు శ్రుతుల అమ్మాయివి నువ్వే కదూ?"

"నేనేనండి."

"శాస్త్రం సర్టిఫికెట్ ఏదీ? ఈసారి పెట్టలేదేం?"

"సంచీలో ఉందండి. అడిగితే ఇద్దామని."

"గ్రహభేదం మీద ప్రశ్న ఇచ్చారా ఆ పరీక్షలో?"

"ఇచ్చారండి."

"అదేంటో రెండు ముక్కల్లో చెప్పు."

శివపార్వతి జవాబు చెప్పబోయి ఆగింది. తనకే తెలియకుండా నోట్లోంచి మాట వచ్చేసింది. "చెప్పమంటారా అండి, పాడమంటారా?"

ముగ్గురూ తలలెత్తారు. వయొలిన్ ఆయన ముందుకు జరిగాడు. "పాడు."

"ఒక్క నిమిషం తంబురా ఆపించండి."

తంబురా ఆగింది. ఆమె మోహన ఆలాపన మొదలుపెట్టి, గాంధారం మీద నిలబడింది. అక్కడే నిలబడి, అదే తన ఇల్లన్నట్టు దాని చుట్టూ తిరిగి, చూస్తుండగానే హిందోళంలోకి దిగింది. రెండు సంగతులు పాడింది. మళ్ళీ మెల్లగా పాత షడ్జమానికి తిరిగొచ్చింది. వేలితో సైగ చేస్తే తంబురా అమ్మాయి తీగ మీటింది. స్వరం వెంట్రుకవాసి పక్కకు పోకుండా ఎక్కడ మొదలైందో అక్కడే దిగింది.

"భేష్!" అని వయొలిన్ ఆయన తొడ మీద చరుచుకున్నాడు. కళ్ళద్దాలావిడ చెయ్యి చాపి, పక్కనున్న ఆయన రాసుకుంటున్న కాగితం తన వైపు లాక్కుని, దాని మీద తనే ఏదో రాసింది.

ఎంపికైన వాళ్ళ పేర్లు సాయంత్రం నాలుగింటికి గోడకు అంటించారు. పై నుంచి మూడో పేరు. కోటిలింగం చదివి, నమ్మకం కుదరక, పక్కన ఎవరో పెద్దమనిషిని పట్టుకుని మళ్ళీ చదివించాడు. శివపార్వతి నవ్వుతోంది, ఏడుస్తోంది, చీర కొంగుతో ఏం తుడుచుకోవాలో తెలియటం లేదు. పూర్ణచంద్రరావు మాత్రం తిన్నగా ఆఫీసు కిటికీ దగ్గరికి పోయాడు.

"ఏవండీ గుమాస్తా గారూ, మా అమ్మాయి శాస్త్రం సర్టిఫికెట్‌కి ఎన్ని మార్కులు వేశారండీ?"

"దానికి మార్కులు ఉండవండి. పాటకే మార్కులు."

"మరి చివర్లో శాస్త్రం అడిగారటగా?"

"అదీ పాటలోకే వస్తుందండి."

పూర్ణచంద్రరావు దారంతా ఆ జవాబు తలచుకుని తలూపుతూనే ఉన్నాడు. తెనాలి స్టేషన్‌లో దిగుతూ, "అయితే నేనూ రాస్తాను ఆ పరీక్ష. ఎవరూ మార్కులు వెయ్యక్కర్లేదు" అన్నాడు. అన్నట్టే రాశాడు. మొదటిసారి తప్పాడు. రెండోసారి 1969లో యాభై రెండు మార్కులతో గట్టెక్కాడు. నాటకం వాళ్ళందరికీ కాజాలు పంచాడట.

బాపట్లలో రంగనాయకులు మాస్టారు అరుగు మీద కాచుకుని ఉన్నారు. కాగితం చూపిస్తే చాలని చెప్పిన మనిషి. ఏడాది పాటు ఆయన్ని ఆ మాటే తినేస్తూ ఉంది. శివపార్వతి కాళ్ళకు దణ్ణం పెట్టి, ఎదురుగా కూర్చుని, గదిలో పాడిందంతా మళ్ళీ పాడింది. తను పలక మీద రాసిచ్చినవి నాదమై వస్తుంటే ఆయన ఎదురింటి గోడ వైపు చూస్తూ విన్నాడు. పాట అయ్యాక పలక కోసం చెయ్యి చాపాడు. సంతోషం రాస్తాడనుకుని ఆ పిల్ల తొంగి చూసింది. 'వర్ణం రెండో కాలం వేగంలో తొందరపడ్డావు' అని రాశాడు.

"అవునండి మాస్టారూ" అంది ఆ పిల్ల, అప్పుడు ఏడుస్తూ.

కళాశాలలో శివపార్వతి పేరు మొదటి నెలలోనే అందరికీ తెలిసింది. బాగా పాడే పిల్లలంతా లక్షణం క్లాసు అంటే హడలిపోయేవారు. లక్షణం అంటే అదే, శాస్త్రం. పరీక్షల ముందు హాస్టల్ వరండాలో పదిహేను మంది ఈమె చుట్టూ కూర్చునేవారు. ఈమె వాళ్ళకు పట్టికలు చెప్పేది, వాళ్ళు ఈమెకు స్వరాన్ని ఊపే గమకాలు నేర్పేవారు. అలా కోర్సు పూర్తి చేసి, 1971లో రేపల్లెలో మా బడికి సంగీతం టీచరుగా వచ్చింది. మేమిద్దరం ఒకే వీధిలో అద్దెకు ఉన్నాం. ఆవిడ వచ్చిన వారానికే తొమ్మిదో తరగతి పిల్లలు లెక్కల క్లాసులో బల్లల మీద తాళం వేస్తుంటే, కోప్పడటానికి వెళ్ళి, ఆ తాళం ఎన్ని అక్షరాలో లెక్కపెట్టి తిరిగొచ్చాను.

1975లో మా బడిలో ప్రేమకుమారి అనే పిల్ల ఉండేది. వాళ్ళది రేపల్లె పక్కనే పల్లెటూరు. ఆ పిల్ల ప్రార్థన పాడుతుంటే హెడ్మిస్ట్రెస్ కూడా హాజరు రిజిస్టరు మూసి వినేది. పుస్తకం మాత్రం తెరిచేది కాదు. స్వరం రాసుకోమంటే, "విన్నానుగా టీచర్, గుర్తుంటుంది" అనేది. నిజంగానే గుర్తుండేది.

ఎస్సెస్సీ అయ్యాక ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి అచ్చమ్మతో కలిసి శివపార్వతి ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"టీచర్ గారూ, మా అమ్మాయి మీరు చదివిన కాలేజీకే పోతానంటోందండి" అంది అచ్చమ్మ. "మీరు ఏదో శాస్త్రం పరీక్ష రాశారటగా, ఫస్టు వచ్చారట. అది రాస్తే సీటు తప్పకుండా వస్తుందని ఎవరో చెప్పారండి. రాయించమంటారా?"

శివపార్వతి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాదండి. దాంతో సీటు రాదు. నేను దాంతో పోయి తిరిగొచ్చినదాన్ని."

"అమ్మయ్య!" అంది ప్రేమకుమారి.

"అమ్మయ్య ఏంటే? సీటు రాదన్నాను, వద్దన్నానా? సీటు నీ గొంతే తెస్తుంది. లోపలికి పోయాక ఒట్టి గొంతుతో ఎన్నాళ్ళు లాక్కొస్తావు?"

"పోయాక చూసుకుంటాను టీచర్."

శివపార్వతి నా వైపు చూసింది. నేను నవ్వాను. పదిహేడేళ్ళ పిల్లకు అంతకన్నా ఏం చెబుతాం? అయినా ఆ పిల్ల ధైర్యం చూస్తే నాకే ఉషారు పుట్టింది.

జూలైలో శివపార్వతి, ప్రేమకుమారిలతో పాటు నేనూ సెలవు పెట్టి రేపల్లెలో బండి ఎక్కాను. అంత తెల్లవారుజామునే పెట్టె నిండా జనం. పాలక్యాన్లు, కూరగాయల గంపలు. శివపార్వతి ప్రేమకుమారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, "గొంతు తెరువు. అక్కడికి పోయాక తెరిస్తే లాభం లేదు" అంది. ఆ పిల్ల మొదట సిగ్గుపడింది, తర్వాత మొదలుపెట్టింది. చుట్టుపక్కల గొడవ సద్దుమణిగింది. గంపల వాళ్ళు గంపలు జరిపి దగ్గరగా వచ్చి కూర్చున్నారు. తెనాలిలో బండి మారాలి, ఇదే పాట అక్కడ ప్లాట్‌ఫాం మీద కూడా సాగింది. ఒక ముసలాయన తను ఎక్కాల్సిన బండి పోగొట్టుకుని, ఏం పరవాలేదు ఇంకోటి వస్తుందన్నాడు.

ప్రేమకుమారికి మొదటిసారే సీటు వచ్చింది. ఒక్క సర్టిఫికెట్ లేదు, ఒక్క శాస్త్రం ప్రశ్న అడగలేదు. పాట విన్నారు, చాలన్నారు. ఆ రోజు శివపార్వతి ఎంత గెంతిందో నేను చూశాను. ముప్పై ఏళ్ళ టీచరమ్మ, కళాశాల మెట్ల మీద.

దసరా సెలవలకు ఆ పిల్ల రేపల్లె వచ్చింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా తిన్నగా మా వీధికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"టీచర్! లక్షణం క్లాసులో నాకు ఒక్క ముక్క అర్థం కావటం లేదు. నేను పాడిందే నన్ను రాయమంటున్నారు. అందరూ రాసేస్తున్నారు. సెలవలయ్యాక పరీక్ష. నాకు భయంగా ఉంది."

శివపార్వతి అప్పటికే చాప పరిచేసింది. "ముందు అన్నం తిను. తర్వాత నువ్వు బాగా పాడేది ఏదైనా ఒకటి పాడు. అది ఎలా నిలబడిందో చూద్దాం." నా వైపు తిరిగి, "నువ్వూ కూర్చో. లెక్కలు వచ్చిన వాళ్ళు కావాలి" అంది.

ముగ్గురం కూర్చున్నాం. ప్రేమకుమారి కల్యాణి పాడింది. దాని పూర్తి పేరు మేచకల్యాణి అనీ, అందులో మొదటి రెండక్షరాలకు నంబర్లు వెయ్యమనీ శివపార్వతి చెబితే, అయిదూ ఆరూ వేసి, తిరగేసి అరవై అయిదు అని నేను అరిచాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "ఇది పాటలోనే ఉందా టీచర్?" అని అడిగి, ఇంకో రాగం ఎత్తుకుంది.